చిన్న పట్నపు ప్రేమ నవలలో విచిత్రాన్ని ఇమిడ్చే విధానం: పాలమూరు, నల్లగొండ రచయితలకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలపు ఆ త్రికూటాలయంలో, అంటే మూడు గర్భగుళ్ల ఆలయంలో, ఒక గర్భగుడిలోని శివలింగం మీద పగలంతా ఒక స్తంభపు నీడ పడుతూనే ఉంటుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడిచినా లోపలి నీడ తన చోటు వదలదు. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురు స్తంభాలకు తగలడం వల్ల ఇది జరుగుతుందని చదువుకున్నవాళ్లు వివరిస్తారు. ఆ వివరణ విన్న తరువాత కూడా నీడ అక్కడే ఉంటుంది. దాని ముందు నోరు తెరుచుకుని నిలబడేది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఊరివాళ్లు దండం పెట్టుకుని, ఆ పూట వండవలసిన కూర గురించి మాట్లాడుకుంటూ బయటికి వచ్చేస్తారు.

మాంత్రిక వాస్తవికత అని మనం పిలుచుకునే రచనా పద్ధతికి ఇంతకన్నా మంచి పాఠం నాకు మరెక్కడా దొరకలేదు. ఆ మాటను 1925లో జర్మన్ కళా విమర్శకుడు ఫ్రాంజ్ రో చిత్రలేఖనం గురించి వాడాడు, తరువాత లాటిన్ అమెరికా కథకుల చేతిలో అది సాహిత్యానికి స్థిరపడింది. జానపద కథలో రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి విచిత్రాన్ని వెతుక్కుంటూ పోతాడు. ఈ పద్ధతిలో విచిత్రం మన వీధిలోనే, కరెంటు బిల్లు పక్కనే ఉంటుంది, వీధిలోని వాళ్లు దానితో కాపురం చేస్తూ ఉంటారు. చిన్న పట్నంలో ఇద్దరి మధ్య పుట్టే ప్రేమను ఈ పద్ధతిలో నవలగా రాయదలచిన వారికి, ముఖ్యంగా మన దక్షిణ తెలంగాణ పట్నాలను కథాస్థలంగా తీసుకునేవారికి, మొదటి ఆలోచన నుంచి చివరి దిద్దుబాటు వరకు ఏ వరుసలో పని చేయాలో ఇక్కడ చెబుతున్నాను. చెప్పేది గాలిలో తేలిపోకుండా ఉండడానికి ఒక కల్పిత నవలను ముందు పెట్టుకుని, దాన్నే మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోదాం.

మొదటి మెట్టు: ప్రేమికుల కన్నా ముందు పట్నం

పని ఊరితో మొదలుపెట్టండి. పూర్తి పల్లె కాకుండా, జిల్లా కేంద్రమూ కాకుండా, ఒక బస్టాండు, ఒక జూనియర్ కాలేజీ, రెండు ఫంక్షన్ హాళ్లు, వారానికొక అంగడి ఉండే మండల కేంద్రం ఈ రకమైన నవలకు చక్కగా సరిపోతుంది. అక్కడ అందరికీ అందరూ తెలుసు, అయినా ఒకరినొకరు తప్పించుకుని తిరగడానికి నాలుగు సందులైనా ఉంటాయి. ప్రేమకథకు ఈ రెండూ కావాలి.

పట్నానికి కల్పిత నామం పెట్టండి, చుట్టూ ఉన్న ఊళ్లను మాత్రం నిజమైనవిగా ఉంచండి. మన నమూనా నవల దేవరకద్రకూ మక్తల్‌కూ మధ్య రాయచూరు పోయే రోడ్డు మీద ఎక్కడో ఉన్న పట్నంలో జరుగుతుంది. పట్నం కల్పితమైనందువల్ల అక్కడి సర్పంచినో డాక్టరునో ఎవరూ తమను గురించే రాశారని అనుకోరు. మహబూబ్‌నగర్ ఆసుపత్రికి పోవడానికి బస్సు ఎక్కవలసిందే కాబట్టి కథ నేల మీదే నిలుస్తుంది.

తరువాత కాలం. ఏ సంవత్సరమో నిర్ణయించకుండా ఒక్క పేజీ కూడా రాయవద్దు. 2016 అక్టోబరు 11న పాత జిల్లాలు విడిపోయాయి. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు పడ్డాయి. పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో గాని జిల్లా కాలేదు. అంటే 2018లో జరిగే కథలో మక్తల్ మనిషి తనది మహబూబ్‌నగర్ జిల్లా అనే చెప్పుకుంటాడు. ఇటువంటి చిన్న తప్పు దొర్లితే, ఆ ప్రాంతపు పాఠకుడు మీ విచిత్రాన్ని కూడా నమ్మడం మానేస్తాడు.

నేను నమూనా నవలకు 2018నే ఎంచుకున్నాను, దానికి కారణం ఉంది. ఆ ఏడాది వేసవిలో మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి, ఏడు వందల ఏళ్ల వయసుందని చెప్పుకునే ఆ మహావృక్షానికి, చెదలు పట్టడంతో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. చెట్టుకు గ్లూకోజు ఎక్కిస్తున్నారని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. నిజంగా జరిగిన ఈ సంగతిని ఒక చాయ్ హోటల్ సంభాషణలో రెండు వాక్యాలుగా పెట్టండి. చెట్టుకు సెలైన్ ఎక్కిన జిల్లాలో మరొక చిన్న వింత జరిగితే పాఠకుడు అభ్యంతరం చెప్పడు.

ఒక కాగితం మీద పట్నపు పటం గీసుకోండి. బస్టాండు నుంచి చెరువుకట్ట దాకా నడిస్తే ఎడమ పక్క ఏ దుకాణాలు వస్తాయో, పీర్ల చావిడి ఎక్కడో, బతుకమ్మలు ఏ దారిన చెరువుకు పోతాయో, ఎవరి ఇంటి అరుగు మీద కూర్చుంటే ఎవరి వాకిలి కనబడుతుందో గుర్తు పెట్టండి. ప్రేమకథలో ఎవరు ఎవరిని చూడగలరన్నది కథా సంవిధానమే. మన నవలలో నాయిక స్వరూప మిషిన్ షాపు, అంటే జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్, పీకో వేసే చిన్న గది, నాయకుడి ఇంటి ఎదురుగోడకు సరిగ్గా అభిముఖంగా ఉంటుంది. కథ మొత్తానికి పునాది ఆ ఎదురుగోడే.

రెండవ మెట్టు: అడ్డంకిని దాచకుండా రాయడం

ఈ మెట్టు దగ్గర చాలా నవలలు బలహీనపడడం చూశాను. ప్రేమికులు విడిపోవడానికి అపార్థాలు, అందని ఉత్తరాలు, తప్పిపోయిన బస్సులు కల్పిస్తారు. మన పట్నాల్లో ఇద్దరు మనుషుల మధ్య నిజంగా నిలిచేవి వలస, అప్పు, భూమి, అన్నిటి కన్నా ముందు కులం. వాటిని వదిలేసి రాసిన ప్రేమ ఏ ఊరిదీ కాకుండా పోతుంది.

పాలమూరు వలస గురించి కొంత తెలుసుకుని రాయాలి. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి కూలీలను కట్టుకుంటాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మనిషి తన ఇష్టానికి తిరిగి రాలేడు. బొంబాయి, పుణె, భీవండి పేర్లు పల్లెల్లో పక్క ఊరి పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. నల్లగొండ వైపు కథ రాసేవారికి మరొక గాయం ఉంది. మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి, చిన్న వయసులోనే మోకాళ్లు వంగిపోయిన తరాలున్నాయి. పెళ్లిచూపుల్లో పిల్ల పళ్లను చూసి ఏ ఊరో గుర్తుపట్టే రోజులు అక్కడ గడిచాయి. వీటిని అలంకారంగా వాడకండి. కథ వాటి మీద నిలబడేటట్లయితేనే తీసుకోండి.

మన నాయకుడు కురుమూర్తి, వీధిలో అందరికీ కుర్మన్న. ముదిరాజుల ఇంటివాడు. 2012లో భీవండి వెళ్లి ఆరేళ్ల తరువాత ఇల్లు అమ్ముకోవడానికి తిరిగి వస్తాడు. అతని తల్లి చెన్నమ్మ ఒంటరిగా ఆ ఇంట్లోనే ఉంటోంది. స్వరూప మాదిగ కుటుంబపు అమ్మాయి. ఆమె తాత తోలుపని చేసేవాడు. చెన్నమ్మ ఆరేళ్లుగా స్వరూప చేత జాకెట్లు కుట్టించుకుంటుంది, షాపు ముందు బల్ల మీద గంటలు గంటలు కూర్చుని మాట్లాడుతుంది, జ్వరం వస్తే మందు తెప్పించుకుంటుంది, అయితే ఆ షాపులో ఒక్కసారి కూడా మంచినీళ్లు అడగలేదు. నవలలో ఈ సంగతిని ఎవరూ నోటితో అనకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం బల్ల మీద కూర్చున్న చెన్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుని, నీళ్ల కోసం రోడ్డు దాటి తన ఇంట్లోకి పోయి రావడం మూడు చోట్ల చూపితే చాలు.

కులాల పేర్లు రాయడానికి జంకవద్దు. "పెద్ద కులం", "చిన్న కులం" అని మబ్బుగా రాసినప్పుడు రచయిత ఎవరినో కాపాడుతున్నట్టు ఉంటుంది. కులాంతర ప్రేమలు ప్రాణాల మీదికి వచ్చిన ప్రాంతం మనది. కాబట్టి ఒక్క గట్టి మాట చెప్పక తప్పదు: ఏ విచిత్రం చేతా కులాన్ని మాయం చేయించకండి. వాన కురిసి, పూలు రాలి, అందరి మనసులూ మారిపోయినట్టు రాస్తే అది బాధపడినవాళ్లకు చేసే అన్యాయం. మనసు మారవలసి ఉంటే ఒక మనిషి, ఒక నిర్దిష్టమైన పని చేసి, దాని నష్టాన్ని భరించి మారాలి.

వరుస: ఇక్కడ కొంచెం ఆగాలి

తెలుగు ప్రేమ నవలకు ఉన్న గొప్ప సాధనం పిలుపు. చిన్న పట్నంలో ప్రతివారికీ ప్రతివారితో ఒక వరుస ఉంటుంది. రక్తసంబంధం లేకపోయినా, కులం వేరైనా, ఎవరో ఒకరు ఎప్పుడో ఒక పిలుపు మొదలుపెడతారు, అదే ఖాయమవుతుంది. కాకా, చిన్నమ్మ, వదినె, అన్న అని పిలిచిన ప్రతిసారీ ఒక దారి తెరుచుకుంటుంది, మరొక దారి మూసుకుపోతుంది. "అన్నా" అని పిలిచిన మనిషిని ప్రేమించడానికి మన భాష ఒప్పుకోదు.

స్వరూప కొత్తగా షాపు పెట్టినప్పుడు మర్యాద కోసం చెన్నమ్మను "పెద్దమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ లెక్కన చెన్నమ్మ కొడుకు ఆమెకు అన్న అవుతాడు. కుర్మన్న తిరిగి వచ్చిన తొలి వారంలో ఆమె అతడిని రెండుసార్లు "అన్నా" అని పిలుస్తుంది. తరువాత ఒక రోజు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ రోజు నుంచి ఆమె అతడితో ఏ పిలుపూ లేకుండా మాట్లాడుతుంది. "చాయ్ తాగుతరా?", "మీటర్ మనిషి వచ్చి పోయిండు", "గీ తాళం జర పట్టుకోండ్రి". పిలుపు లేని ఈ వాక్యాలే ఆమె ప్రేమ లేఖలు. రచయిత వేరే వర్ణన ఏదీ చేయనవసరం లేదు. మెలకువగా చదివే పాఠకుడు పది పేజీల్లో పట్టుకుంటాడు, అతని కన్నా ముందు చెన్నమ్మ పట్టుకుంటుంది.

ఇందుకోసం రాత మొదలుపెట్టే ముందే ప్రతి పాత్రా మిగతా పాత్రలను ఏమని పిలుస్తుందో పట్టికగా రాసుకోండి. ఎవరి పిలుపు ఏ అధ్యాయంలో మారుతుందో పక్కన గుర్తు పెట్టండి. నవల పూర్తయ్యాక చూస్తే ఆ పట్టికే కథ అని మీకు తెలుస్తుంది.

మూడవ మెట్టు: విచిత్రాన్ని ఎంచుకోవడం

ఒక నవలకు ఒక్క విచిత్రం సరిపోతుంది. అది ఊరి గాయంలో నుంచి పుట్టాలి, పదిమందికి కనబడాలి, ప్రేమికుల చిక్కును తాను విప్పకూడదు. ఈ మూడింటిలో చివరిది అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం. విచిత్రం ఊరి సొత్తుగానే ఉండాలి, నిర్ణయం మాత్రం ఆ ఇద్దరూ తీసుకోవాలి.

వెతకడానికి దూరం పోనక్కరలేదు. కురుమూర్తి స్వామి జాతరలో ఆ దేవుడి కోసం వడ్డెమాన్‌లో తోలుతో పెద్ద ఉద్దాలు, అంటే పాదుకలు, తయారు చేసి ఊరేగింపుగా తీసుకుపోతారు. దేవుడి కాలి కొలత ఒక మనిషికి తెలిసి ఉండడమనే ఊహ చాలు, ఒక నవల కదులుతుంది. గద్వాల నేతగాళ్లు ప్రతి ఏటా నియమంతో నేసే ఏరువాడ పంచెలు తిరుమలకు చేరుతాయి. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు మునిగినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. వేసవిలో నీళ్లు తగ్గితే మునిగిన ఊళ్ల మొండిగోడలు కృష్ణ ఒడ్డున బయటపడతాయి. తమ పాత వాకిలిని ఏడాదికొక నెల చూసుకోగలిగిన మనుషులున్న ప్రాంతమిది. జానపహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు హిందువులు కూడా సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకునే నేల ఇది.

ఇంత సంపద ఉన్నప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బతికి ఉన్న నమ్మకాన్ని యథాతథంగా తెచ్చి కథలో వింతగా ప్రదర్శించవద్దు. నల్లమల అడవిలోని సలేశ్వరం లోయలోకి "వస్తున్నం లింగమయ్యా" అంటూ దిగే భక్తులకు అది వింత కాదు, వాళ్ల దైవం. చెంచుల ఆచారాలను రంగుల తెరగా వాడుకోవడం మరీ తప్పు. నమ్మకం పక్కన నిలబడి, దాని తర్కాన్ని నేర్చుకుని, మీ సొంత విచిత్రాన్ని కల్పించుకోండి. ఇక బాణామతి, అంటే చేతబడి, జోలికి అసలు పోవద్దు. ఆ అనుమానంతో మన పల్లెల్లో మనుషులను కొట్టారు, చంపారు. దానికి కవిత్వపు పూత పూయడం నేరానికి తోడు పోవడమే.

మన నమూనా నవల విచిత్రం పానగల్లు నీడ దగ్గర పుట్టి, పాలమూరు వలసతో కలిసింది. కుర్మన్న భీవండికి వెళ్లిపోయాడు, అతని నీడ మాత్రం ఇంటి గోడ మీద మిగిలిపోయింది. ఆరేళ్లుగా స్వరూప మిషిన్ తొక్కుతూ తల ఎత్తినప్పుడల్లా చూసింది ఆ నీడనే. అది ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు వంగి బరువు ఎత్తుతుందో, ఏ నెలలో దగ్గుతూ భుజాలు కదిలించిందో ఆమెకు తెలుసు. మనిషి వచ్చేసరికి అతని రూపం తప్ప అన్నీ ఆమెకు పరిచయమే. అతనికేమో ఆమె ఎవరో కూడా తెలియదు. ప్రేమకథకు కావలసిన ఎగుడుదిగుడు విచిత్రమే సమకూర్చింది, చిక్కును మాత్రం విప్పలేదు.

నాలుగవ మెట్టు: నియమాలు, వెల

ఒక నోటు పుస్తకంలో ఏడెనిమిది వాక్యాలకు మించకుండా విచిత్రపు నియమాలు రాసుకోండి. నీడ పగలూ, వీధి దీపం కిందా కనబడుతుంది. అతను ఎక్కడ ఏం చేస్తే అది చేస్తుంది. దానికి ముఖం లేదు, చప్పుడు లేదు. భీవండిలో అతనికి నీడ లేదు, అందువల్ల ఎండలో తోటివాళ్ల కన్నా ముందే అలసిపోతాడు, మేస్త్రీ అతనికి రోజుకు కొంత కూలి తక్కువ ఇస్తాడు. చివరి వాక్యం చాలా అవసరం. విచిత్రానికి ఎవరో ఒకరు డబ్బుతోనో, ఒంటితోనో, పరువుతోనో వెల చెల్లించకపోతే అది పిల్లల కథ అవుతుంది.

నియమాలు రాశాక ఊరు వాటితో ఎలా సర్దుకుందో ఆలోచించండి. ఈ పద్ధతిలో రాయడంలోని ఆనందమంతా ఇక్కడే ఉంది. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ వచ్చాక, కొడుకు ఇంటి దగ్గరే ఉన్నాడు కాబట్టి అతని ఆరు కిలోల బియ్యం ఇవ్వాలని చెన్నమ్మ అడుగుతుంది. నీడకు వేలిముద్ర పడదని డీలరు చెబుతాడు. ఇంటి బేరానికి వచ్చిన మనిషి గోడతో పాటు నీడ కూడా రిజిస్ట్రేషన్‌లో వస్తుందా అని అడుగుతాడు. పిల్లలు గోడ దగ్గర క్రికెట్ ఆడేటప్పుడు నీడకు తగిలితే అవుట్ కాదని నియమం పెట్టుకుంటారు. బతుకమ్మ ఆడే ఆడవాళ్లు ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి పరాయి మగవాడి ముందు నడిచినట్టు కొంగు సర్దుకుంటారు. ఇలాంటివి ఇరవై రాసుకుని ఆరు వాడండి.

ఐదవ మెట్టు: వాక్యపు గొంతు

విచిత్రాన్ని చెప్పే వాక్యం కూరగాయల ధర చెప్పే వాక్యంలాగే ఉండాలి. మొదటిసారి రాసేవాళ్లు సాధారణంగా ఇలా రాస్తారు: "ఏదో అదృశ్య శక్తి ఆడిస్తున్నట్టుగా ఆ గోడ మీద ఒక రహస్యమైన నీడ కదలాడింది, స్వరూప గుండె ఝల్లుమంది." ఈ వాక్యంలో రచయిత పాఠకుడి కన్నా ముందే భయపడిపోయాడు. దాన్ని ఇలా మార్చి చూడండి: "కుర్మన్న భీవండి పోయినా అతని నీడ గోడ మీదనే ఉండిపోయింది. దసరాకు సున్నం వేయించేటప్పుడు చెన్నమ్మ ఆ మేర వదిలేయమంది. సున్నం వేసిన మనిషి కూలిలో ఇరవై రూపాయలు తగ్గించుకున్నాడు." ఇరవై రూపాయలు వచ్చాక ఆ నీడను కాదనడం ఎవరి తరమూ కాదు. అంకె, ధర, కొలత, వారం పేరు, ఇవే మీ మంత్రాలు. "ఆశ్చర్యంగా", "మాయగా", "కలలోలాగా" వంటి మాటలను రాతప్రతి అంతా వెతికి తీసేయండి.

తెలుగులో మరే సాధనమూ ఇవ్వలేని సదుపాయం "అట". "నీడ పోలేదట" అన్నప్పుడు బాధ్యత ఊరిది, చెప్పేవాడు విన్నది చెబుతున్నాడు. "నీడ పోలేదు" అన్నప్పుడు బాధ్యత కథకుడిది. నవల మొదటి అధ్యాయంలో నీడ ప్రస్తావనలన్నీ "అట"తో నడపండి. బస్సు దిగిన కొత్త మనిషికి చాయ్ హోటల్లో ఎవరో చెప్పినట్టు ఉంటుంది. రెండవ అధ్యాయంలో స్వరూప తల ఎత్తి గోడను చూసే వాక్యంలో ఆ "అట" తీసేయండి. గమనించకుండానే పాఠకుడు పుకారులో నుంచి నిజంలోకి అడుగుపెడతాడు. ఆ తరువాత నీడ విషయంలో "అట" మళ్లీ రాకూడదు. మీ అవ్వ తన చిన్నప్పటి సంగతులు చెప్పిన తీరును గుర్తు చేసుకోండి. ఇంటి వెనుక దయ్యాన్ని చూసిన సంగతీ, ఆ ఏడు పల్లికాయ ధర పడిపోయిన సంగతీ ఆమె ఒకే గొంతుతో చెప్పి ఉంటుంది.

ఆరవ మెట్టు: మాండలికం

కథనం శిష్ట వ్యావహారికంలో, సంభాషణ స్థానిక భాషలో నడపడం నా అభిరుచి. మొత్తం మాండలికంలో రాయగలవాళ్లు ధైర్యంగా రాయవచ్చు. ఏది ఎంచుకున్నా, "తెలంగాణ యాస" అనే ఒకే ముద్దను పాత్రలన్నిటి నోట్లో పెట్టవద్దు. కోదాడ, హుజూర్‌నగర్ మాట కృష్ణా, గుంటూరుల వైపు వంగుతుంది. అలంపురం మాటలో కర్నూలు వినిపిస్తుంది. మక్తల్, నారాయణపేటల్లో కన్నడం కలుస్తుంది. ముస్లిం కుటుంబాల తెలుగులో, మన తెలుగులోని ఉర్దూలో వేర్వేరు రుచులున్నాయి. ఆరేళ్లు భీవండిలో ఉన్న కుర్మన్న మాటల్లో హిందీ ఎక్కడ చొరబడుతుందో, తల్లితో కోపం వచ్చినప్పుడు అది ఎలా మాయమవుతుందో వినగలగాలి. వినబడని పాత్రతో మాట్లాడించకండి, అంగడికి వెళ్లి ఒక పూట కూర్చుని రండి.

ఏడవ మెట్టు: ఏడాది మీద కథను పరచడం

యాభై, అరవై వేల పదాల నవలకు మన పండుగల వరుసే మంచి వెన్నెముక. 2018 పంచాంగాన్ని తెరిచి చూస్తే నమూనా నవల తనంతట తానే అమరుతుంది. జూన్ మొదట్లో మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, వలస పోయినవాళ్లు సాగు కోసం తిరిగి వచ్చే వేళకు, కుర్మన్న బస్సు దిగుతాడు. అతను ఇంటి ముందు నిలబడినా నీడ వచ్చి అతనిని అంటుకోదు, గోడ మీదనే ఉంటుంది. పీర్ల పండుగ సెప్టెంబరు 21న వచ్చింది. అలావా, అంటే నిప్పుల గుండం, చుట్టూ వీధంతా తిరిగే ఆ రాత్రి అందరి నీడలూ నేల మీద ఊగుతుంటే ఒక్క అతనికే లేదు, ఆ సంగతి స్వరూప చూసి తన కొంగు నీడను అతని పాదాల మీద పడేటట్టు జరుగుతుంది. ఇద్దరి మధ్య తొలి స్పర్శ అదే. స్పర్శను రాయడానికి ఇంతకన్నా ఎక్కువ అవసరం ఉండదని నా నమ్మకం. ముస్లిం పండుగలు ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి కాబట్టి ఏ ఏటి కథకు ఆ ఏటి తేదీనే చూసుకోవాలి.

అక్టోబరులో ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. స్వరూప ఏ గుంపులో బతుకమ్మ ఎత్తుతుంది, ఆ గుంపు ఏ చెరువు ఒడ్డుకు పోతుంది అన్న ప్రశ్న దగ్గర కులం మళ్లీ బయటపడుతుంది. దీపావళి దాటాక కురుమూర్తి జాతర. ఆమె తాత చేసిన పని గురించి ఆమె మొదటిసారి తలెత్తి మాట్లాడేది అక్కడ. దేవుడు తొడిగే చెప్పులకు లేని అంటు తన చేతి నీళ్లకు ఎందుకుందని ఆమె అడగదు. ఆ ప్రశ్న పాఠకుడి నోటికి రావాలి. డిసెంబరు 7న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. వలస పోయినవాళ్లు ఓటు కోసం బస్సుల్లో దిగుతారు, మేస్త్రీ కూడా అడ్వాన్సు లెక్క తేల్చుకోవడానికి దిగుతాడు. ఇంటి బేరం, అప్పు, ప్రేమ ఒకే వారంలో గుమిగూడే చోటు అది. వెనుక భాగాన్ని ముందే ఇంత బిగించుకుంటే, నడుమ అధ్యాయాలు వాన నాడు చెరువు నిండినట్టు నింపుకోవచ్చు.

చివరి మెట్టు: ముగింపు, దిద్దుబాటు

ప్రేమ నవల చదివేవారికి ఇద్దరూ ఒక్కటవుతారన్న ఆశ ఉంటుంది, దాన్ని వమ్ము చేసి గొప్ప సాహిత్యం రాశామని అనుకోవద్దు. అయితే కలయిక సంపాదించుకున్నది కావాలి. విచిత్రానికి వివరణ ఇవ్వకండి. నీడ గోడ మీద ఎందుకు మిగిలిందో చెప్పే స్వామీజీ, సైన్సు మాస్టారు, పాత శాపం, ఏవీ చివరి అధ్యాయంలోకి రాకూడదు. నీడను తిరిగి మనిషికి అతికించే ఘట్టాన్ని కూడా పండుగలా రాయవద్దు. అది ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు జరగనివ్వండి. అతని కాళ్ల దగ్గర నీడ ఉందని ఎప్పుడో ఒక పిల్లవాడు చెబితే చాలు.

రాతప్రతి పూర్తయ్యాక నెల రోజులు పక్కన పెట్టి, ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన ఒకరికి పైకి చదివి వినిపించండి. వాళ్లు విచిత్రం దగ్గర ఆపి ప్రశ్నిస్తే వాక్యాన్ని ఇంకా మామూలు చేయండి. బస్సు చార్జీ దగ్గరో, వరుస దగ్గరో ఆపితే మీరు తప్పు రాశారు, దిద్దండి. స్వరూప కులం నుంచి వచ్చిన పాఠకురాలు ఒకరైనా అచ్చుకు ముందు చదవాలి, ఆమె అభ్యంతరం చెప్పిన చోట వాదించకుండా వినాలి.

చివరి అధ్యాయానికి మన నమూనాలో మిగిలింది ఒక్క దృశ్యమే. పోలింగ్ అయిపోయిన మర్నాడు. ఇల్లు అమ్ముడుపోలేదు, అడ్వాన్సు ఇంకా సగం తీరలేదు. స్వరూప రోడ్డు దాటి వచ్చి, అరుగు కింద నిలబడి, వీధిలో నలుగురూ వింటుండగా "అత్తమ్మా" అని పిలుస్తుంది. చెన్నమ్మ చాలాసేపు పలకదు. ఆమె ఏ మాటా అనకుండా లేచి, ఎప్పటిలా రోడ్డు దాటి, షాపు ముందు బల్ల మీద కూర్చుంటుంది. డిసెంబరు నెల, దాహం వేసే ఎండ లేదు. కొంగుతో మెడ తుడుచుకుని, "నీళ్లియ్యి బిడ్డా" అంటుంది.